నేల పలకడం లేదన్నాడు మామ

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోయే దారిలో ఒక వేరుశనగ మిల్లులో నేను ఫిట్టరును. వానల్లేక కాయ పండని ఏడు కూలీలు తగ్గుతారు గానీ మా జల్లెడ మిషను ఆగదు. ఎక్కడెక్కడి సరుకో తెప్పించి ఆడిస్తారు. అది ఊగి ఊగి మట్టినీ రాళ్లనూ పప్పునూ వేరు చేస్తుంది. దాన్ని నడిపే పెద్దాయనను నేను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. పదకొండేళ్లు పక్కపక్కన కూర్చుని సద్ది తిన్నాం, అంతే.

మా మిల్లులో చెప్పులతో మిషను దగ్గరికి పోకూడదు. శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమ పెట్టి టెంకాయ కొడతాం కాబట్టి చెప్పులన్నీ గుమ్మం బయటే. మాకది భక్తి. మామకు మాత్రం పనే అది. వట్టి కాళ్లతో నిలబడి, ఏ బేరింగు అరిగిపోతోందో అరికాళ్లతో కనిపెట్టేవాడు. ఎడమ మూల గొణుగుతోంది చూడప్పా అన్నాడంటే విప్పాల్సిందే, అక్కడే ఉండేది జబ్బు. నాకు లోపల మంటగా ఉండేది. ఐటీఐ చదివింది నేను, రోగం చెప్పేది ఆయనా?

మిల్లు వెనక గోడకు ఆనుకుని బట్టలు కుట్టే ఒకావిడ ఇల్లుంది. జల్లెడ ఆడితే ఆమె గోడ అదిరి బీటలు వారింది. రోజూ వచ్చి ఓనరును తిట్టిపోసేది, న్యాయంగానే. అప్పుడు నేనే చెప్పాను, ఇనుప స్ప్రింగులు తీసేసి గాలి స్ప్రింగులు పెడదామని. కొలిమి తిత్తిలాంటి మందపాటి రబ్బరు తిత్తులవి, పైనా కిందా ఇనుప పలకలు. కంప్రెసరుతో గాలి ఎక్కిస్తే మిషను ఆ గాలి మీద కూర్చుంటుంది, అదురు నేలలోకి దిగదు. నాలుగు మూలలా నాలుగు బిగించాను. ఐదోది సరుకు తొట్టి కింద పెట్టాను. గాలి ఎక్కితే తొట్టి ఒకవైపు లేచి సరుకు దానంతటదే జారుతుంది. ఇద్దరు మనుషులు నడుములు విరగ్గొట్టుకునే పని తప్పింది.

మొదటిసారి ఆడించిన రోజు గ్లాసు నిండా నీళ్లు నేలమీద పెట్టి చూపించాను. చుక్క తొణకలేదు. బట్టలు కుట్టే ఆవిడ వచ్చి చల్లగా ఉండు నాయనా అని దీవించి పోయింది. అబ్బో, నా కళ్లు నెత్తికెక్కాయి.

మామ ఆ కాలూ ఈ కాలూ మార్చి మార్చి నిలబడి చూశాడు.

"నేల పలకడం ల్యా అల్లుడా."

పలక్కూడదనే కదా మామా ఇంత చేసింది అని నవ్వాను. అందరి ముందూ నవ్వాను. అది తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

స్ప్రింగులతో మిషను బెత్తెడు ఎత్తు పెరిగింది. మిషన్ను తిప్పే బెల్టు మీద కప్పే పాత ఇనుప జాలీ సరిపోలేదు. కోసి అతికించాలి, గంట పని. రేపు, రేపు అంటూ గోడకు ఆనించి పెట్టాను. అరికాళ్లకు అదురు అందక మామ పాపం వేరే దారి వెతుక్కున్నాడు. బెల్టు పక్కనే ఉన్న బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. నా కళ్లతో చూశాను. జాగ్రత్త మామా అన్నాను కూడా. జాలీ మాత్రం బిగించలేదు.

ఒక పొద్దున టీ తాగుతుంటే బెల్టు టపటపా కొట్టుకున్న చప్పుడు. పరిగెత్తి స్విచ్చి ఆపేసరికి ఆయన కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. తువ్వాలు చుట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారి పొడుగునా ఒకటే అడిగాడు, బేరింగు పోయిందా అని. సాయంత్రం విప్పి చూశాను. పోయింది.

జాలీ ఆ సాయంత్రమే బిగించాను. గంట కూడా పట్టలేదు. తర్వాత బేరింగు పెట్టె నుంచి జాలీ బయటికి ఒక ఇనుప కడ్డీ లాగి, చివర చిన్న పలక అతికించాను, అక్కడ చెయ్యి పెడితే ప్రమాదం లేకుండా అదురు తెలిసేలా. మామను మళ్లీ పనిలో పెట్టుకోమని ఓనరుతో గొడవపడ్డాను. మునుపటిలా మిషను జబ్బు చెప్పగలిగితే సరే, లేకపోతే కుదరదన్నాడు ఓనరు.

గాయం మానాక మామ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఓనరు చూస్తుండగా మిషను ఆడించాను. కుడిచెయ్యి పలక మీద పెట్టాడు, తీశాడు. ఎడమచెయ్యి పెట్టాడు. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. ఏమన్నా తెలుస్తోందా మామా అన్నాను.

"అదురు తెలుస్తాండాది. యాడిదో తెలీడం ల్యా. నా కాళ్లకు ముప్పై ఏండ్లు పట్టిందప్పా నేర్సుకునేకి. ఈ సెయ్యి ఇంగెప్పుడు నేర్సుకుంటాది?"

ఓనరు లేచి ఆఫీసులోకి వెళ్లిపోయాడు. మామ ఎవరినీ బతిమాలలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే నేను వంగి, తొడుగుతున్నట్టు ఆయన రెండు పాదాలూ పట్టుకున్నాను. ఆయన కాళ్లు వెనక్కి లాక్కోలేదు.