మా మిసైల్ సినిమా మూర్తి గారు

నిన్న పొద్దున డబ్బింగ్ థియేటర్లో ఉండగా ఫోన్. మూర్తి గారి అమ్మాయి.

"నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారండీ."

లోపల మైక్ ముందు హీరో నేను రాసిన క్లైమాక్స్ డైలాగే చెప్తున్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఇండస్ట్రీలో ఆయన ఎవరికీ తెలియదు. మోతీనగర్‌లో ఉండే రిటైర్డ్ సైంటిస్ట్. మా మిసైల్ సినిమాకి టెక్నికల్ అడ్వైజర్. స్టోరీ సిట్టింగ్స్‌కి ఫిల్మ్ నగర్ ఆఫీసుకి ఆటోలో వచ్చేవారు.

"పేపర్లో వచ్చినంతవరకే చెప్తానండీ." అదీ ఆయన కండిషన్.

ఒక్క మిసైల్ పైకెళ్ళి, నాలుగు అణుబాంబుల్ని నాలుగు ఊళ్ళ మీద వేరువేరుగా వదుల్తుందని మాకు చెప్పింది ఆయనే.

"పెద్ద దేశాలు ఎప్పుడో చేశాయండీ. ఇప్పుడు మనలాంటి వాళ్ళం మొదలెట్టాం. వాళ్ళు చేస్తున్నారని మనం, మనం చేశామని వాళ్ళు" అని, చల్లారిపోయిన టీ తాగేసేవారు.

మాకేమో పండగ. క్లైమాక్స్ దొరికింది! హైదరాబాద్ మీదకొచ్చే బాంబుని హీరో ఆపేస్తాడు. డైరెక్టర్ నేరేషన్‌కి రూమంతా చప్పట్లు.

మూర్తి గారొక్కరే అడిగారు.

"మిగతా మూడూ ఎక్కడ పడ్డాయండీ?"

"జర ఫికర్ చెయ్యకుండ్రి సార్. హైదరాబాద్ బచాయించినం కదా, గంత లెక్క ఎవడు చూస్తడు?" అన్నాడు డైరెక్టర్. అందరం నవ్వాం. సిగ్గేస్తోంది ఇప్పుడు.

ప్రతి వెర్షన్‌కీ అదే ప్రశ్న. చివరికి, "ఒక సీన్ పెడతానండీ, పూచీ నాది" అన్నాను. రాశాను. మూడు ఊళ్ళు, పొద్దున్నే, మామూలు మనుషులు. డైలాగుల్లేవు. షూట్ కూడా చేశారు.

షూటింగ్ ఆఖర్రోజు ఆఫీసు ముందు రోడ్డు మీద గుమ్మడికాయ కొట్టాం. మేమంతా సెల్ఫీల్లో ఉన్నాం. ఆయన వంగి ముక్కలన్నీ ఏరి పక్కన పెడుతున్నారు.

"బైకులు జారతాయండీ."

అలాంటి మనిషి.

ఎడిటింగ్‌లో ఆ సీన్ ల్యాగ్ అన్నారు. తీసేద్దామా అని నన్నడిగారు. పాతికేళ్ళుగా ఇదే పని, కొట్లాడే ఓపిక లేదు. సరే అన్నాను.

పోయిన వారం ఆయన ఫోన్ చేశారు. "మన సీన్ బాగా వచ్చిందాండీ?"

"చాలా బాగా వచ్చిందండీ."

ఎంత సంతోషపడ్డారో.

మూర్తి గారూ, ఆ సీన్ లేదు. ఆ మూడు ఊళ్ళనీ తీసెయ్యడానికి సరే అన్నది నేనే.

క్షమించండి. ఇకనైనా ఆ మూడింటి గురించీ బెంగ లేకుండా ప్రశాంతంగా పడుకోండి.