పొదుగు కాడి ఫ్రెంచి బడి

నా ఇజ్జత్ మనుషులు తీస్తె ఊకుందును. పోయిన నెల అచ్చంపేటల, వాడకట్టంత చూస్తుండంగ, ఒక బర్రె తీసింది. నవ్వకుండ్రి, చాయ తాగుకుంట ఇనుండ్రి.

నేను పిల్లలకు ఇంట్ల ఫ్రెంచి చెప్తున్న సంగతి మీకెరికే. పాలమూరు కచేరి గుమాస్తాకు ఫ్రెంచెందుకని మీరు అప్పుడే నవ్విండ్రు. ఎందుకంటె, మా తాత ఫారసీ నేర్సేటాల్లకు కచేరీల ఉర్దూ అయింది. నేను ఉర్దూల పాసయ్యేటాల్లకు తెలుగయింది. ఇప్పుడు ఇంగ్లీషంటున్నరు. మా ఇంటోళ్లం ఎప్పుడు చూసినా బండి పోయినంకనే స్టేషన్‌కు పోతం. ఇంగ్లీషు అయినంక ఫ్రెంచే వస్తదని, ఈ తాప ముందుగాల పోయి కూసుందామనుకున్న. సాగర్ డ్యాం కాడ పనిచేసినప్పుడు నా ఖోలీల ఒక పాండిచ్చేరి ఆయన ఉండె. ఆయన నేర్పిన ఇరవై అంకెలు, నాలుగు పలకరింపులు నా దగ్గర ఉండనే ఉన్నయి.

యాదగిరికి ఏడేండ్లు, సుశీలకు ఐదు. ఇద్దర్ని ఒక్కకాడ కూసోపెట్టుడంటె కప్పల తక్కెడ. మా బర్రె పాలు పిండే రెండు పూటలు మాత్రం దొరుకుతరు. యాదగిరి దుడ్డెను పట్టుకోవాలె, సుశీలకు నురగ పాలు కావాలె. అందుకే కొట్టం గోడ మీద బొగ్గుతోని రాసి అక్కడనే బడి పెట్టిన. మా ఇంటామె పొదుగు కాడ, నేను రేకు డబ్బ, బెత్తం పట్టుకొని గోడ కాడ. "అం, దు, త్రువా, కాత్ర, సాంక్" దాంక యాదగిరి మంచిగనే ఉరుకుతడు. ఆరు కాడ ఆగుతడు. రోజూ అక్కడనే ఆగుతడు, రోజూ నాకు కోపమొస్తది, డబ్బ మీద బెత్తం పడుతది. ఏడాది గిట్లనే నడిచింది.

ఇంతల మా మరదలికి కాన్పయింది. పిల్లకు తల్లి పాలు చాలుతలేవంటె, మా ఇంటామె బర్రెను దుడ్డెతో సహా లారీ ఎక్కిచ్చి అచ్చంపేటకు తోలిచ్చింది. ఎనిమిది దినాలకు మరదలి మొగడు బాలయ్య వచ్చి మా అరుగు మీద కూసున్నడు. ఎవల్నీ ఒక్క మాట అనేటోడు గాదు.

"అన్నా, ఏమనుకోకు. బర్రె చేపుతలేదు. చెంబు అడుగు గూడ తడుస్తలేదు. వట్టిపోయిన బర్రెను అంటగట్టిండ్రని మా అమ్మ అందరికి చెప్తున్నది" అన్నడు.

మా ఇంటామె కొంగు కండ్లకు అద్దుకున్నది. అక్కడ పసిపిల్ల పక్కింటోళ్లు పోసే నీళ్ల పాలు తాగుతున్నదట. నాకు పానం తండ్లాడింది. దాణా అదే, దుడ్డె అదే, మరి ఏం తక్కువైందని శానాసేపు ఆలోచన చేసిన. తట్టింది. ఫ్రెంచి తక్కువైంది! ఏడాది సంది అంకెలు ఇనుకుంట పాలిచ్చిన బర్రె, అంకెలు లేకుంటె ఎట్లిస్తది? బాలయ్యకు గదే చెప్పిన. నన్ను దవాఖానకు తీస్కపోవాల్నా ఏందని ఆయన మా ఇంటామె దిక్కు చూసిండు.

ఐతారం పిల్లల్ని, డబ్బను, బెత్తాన్ని తీసుకొని మొదటి బస్సుకు పోయిన. బర్రెకు ఫ్రెంచి చెప్పే సారు వచ్చిండని వాడకట్టంత కొట్టం కాడ జమైంది. బాలయ్య తల్లి చెంబు పట్టుకొని పొదుగు కాడ కూసున్నది. నేను కోటు గుండీలు పెట్టుకొని, ఫ్రాన్సు దేశం ఎక్కడున్నదో అందరికి జర సమజ్ చేసి, మొదలువెట్టిన. ఒకటి నుంచి ఇరవై దాంక నేనే చెప్పిన. బర్రె నెమరేసుకుంట నిలవడ్డది. సుశీల చెప్పింది. బర్రె తోకతోని ముసలమ్మ మొఖం మీద ఒకటి ఇచ్చింది. జనం నవ్వుడు మొదలువెట్టిండ్రు. నాకు చెమటలు. ఆఖరికి యాదగిరిని ముంగటికి నూకిన.

అం, దు, త్రువా, కాత్ర, సాంక్. ఆగిండు.

ఇగ నా వశం గాలె. డబ్బ మీద బెత్తంతోని ఒక్కటేసి, అందరున్నరన్న సోయి లేకుండ ఒర్రిన.

"ఓరి యాదిగా! ఏడాది సంది ఆరు రాదేందిరా నీకు, దున్నపోతా!"

బర్రె చెవులు నిలవెట్టింది. చెంబుల పాలు జుయ్యి జుయ్యిమని పడ్డయి. ముసలమ్మ తల ఎత్తకుండ పిండుకుంటనే అన్నది.

"నాయినా, ఆ సదువు మాకెందుకుగని, ఆ తిట్టు ఒక్కటి మావోనికి నేర్పిపో."

నేర్పిన. ఒక్క మాట అనని బాలయ్య ఇప్పుడు రెండు పూటల డబ్బ కొట్టి, పాలమూర్ల ఉన్న నా కొడుకును పేరు పెట్టి తిడుతున్నడు. పసిపిల్ల బొద్దుగయిందట. యాదగిరికి ఆరు ఇంక రాలె, నేనే బడి బంద్ వెట్టిన. ఏడాది కష్టపడి చెప్తే నా దగ్గర సదువు వచ్చింది ఒక్క బర్రెకే. దానికి గూడ వచ్చింది నా తెలుగే.