పదకొండు గిన్నెల బాబాయి

మా బాబాయి ఇంటి నుంచి పాల దుకాణానికి 214 అడుగులు. నిన్న 216 వచ్చాయి. ఆ రెండూ ఎక్కడ పెరిగాయో తేల్చుకోవడానికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి నడిచాడు. ఈలోగా దుకాణంలో పాలు అయిపోయాయి. ఇంకొకరైతే విసుక్కునేవారు. ఈయన, "చివరి ప్యాకెట్ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి అమ్మావు?" అని అడిగి, చీటీ మీద రాసుకుని ఇంటికొచ్చాడు.

అంకె లేని మాట ఆయన నోట రాదు, ఇంకొకరి నోట వస్తే ఊరుకోడు. గణాంక శాఖలో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. 'సుమారు' అన్న మాట వింటే బూతు విన్నట్టు మొహం పెడతాడు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అంటుంది పిన్ని.

"ఎనభై ఏడు శాతం."

"ఆ మిగతా పదమూడూ మీ నోట్లో పొయ్యనా?"

ఒకసారి మోకాలు నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "నొప్పి బాగా ఉందా?" అన్నాడాయన పాపం. "బాగా అంటే ఎంత? పదికి ఎంతో అడగండి. 6.4. నిన్న 6.1" అన్నాడు బాబాయి. డాక్టరు నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను.

నేను పత్రికలో పనిచేస్తాను గనక నా మీద ఆయనకి ప్రత్యేకమైన కోపం. "వందలాది జనం అని రాశావు. ఎన్ని వందలు? లెక్కపెట్టావా? కాళ్ళు లెక్కపెట్టి రెండుతో భాగించినా సరిపోయేది కదరా."

పొద్దున్నే జనం పేపరు చదువుతారు. ఆయన ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పట్టికలు చదువుతాడు. కిందటి వానాకాలంలో అలా చదువుతూ టీ చల్లార్చుకున్నాడు. ఊళ్ళో మొత్తం ఇళ్ళు 312. మంచి స్థితిలో ఉన్నవి 294. అంటే 94.2 శాతం. పైకప్పుల మరమ్మతుకి సర్కారు డబ్బిచ్చేది ఈ అంకె 80 కన్నా తక్కువున్న ఊళ్ళకే. మన ఊరు ఆ జాబితాలో లేదు.

ఆ ముందు రోజే పక్కింటి టైలరమ్మ కుట్టుమిషన్ మీద ధారగా నీళ్ళు కారి మోటారు కాలిపోయింది. ఆ మిషనే ఆవిడ జీవనాధారం. బాగుచేయించుకుంది గానీ, ఇంకో వానకి అదీ పోతుంది.

"మరి లెక్క తప్పన్నమాట" అన్నాను.

"నోరు మూసుకో. ఆ శాఖలో ముప్పై మూడేళ్ళు చేశాను" అని బాబాయి ఇంకో పట్టిక తెరిచాడు. ఇంటిపన్నుది. అందులో నలభై ఏళ్ళు దాటిన పెంకుటిళ్ళు 201. "ఇన్ని పాత కప్పులుంటే 294 ఇళ్ళు బాగున్నాయని ఎవరు చెప్పారు?"

పక్కింటికి వెళ్ళి అడిగితే టైలరమ్మే చెప్పింది.

"సర్వేకి వచ్చిన పిల్ల ఎండలో పడి వచ్చింది అన్నయ్యా. ఇల్లెలా ఉందమ్మా అని నవ్వుతూ అడిగింది. ముక్కూమొహం తెలియని పిల్లతో మా ఇల్లు కారుతుందని చెప్పుకుంటామా? బాగుందమ్మా అన్నాను. వస్తుందని తెలిసి గిన్నెలన్నీ తోమి అటకెక్కించాను కూడా."

ఊరంతా అదే చేసింది. ఇల్లు ఊడ్చి, గిన్నెలు దాచి, 'బాగుంది' అంది.

బాబాయి తిరిగొచ్చి తన ఇంటి ముందు ఆగి, "లెక్క తప్పు కాదురా. ప్రశ్న తప్పు" అన్నాడు.

మర్నాటి నుంచి పందొమ్మిది రోజులు గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. లెక్క నేర్చుకోమని నన్నూ లాక్కెళ్ళాడు. ఇల్లెలా ఉందని ఎక్కడా అడగలేదు. వాకిట్లో నిలబడి ముందు తన గోడు చెప్పుకునేవాడు.

"వాన పడితే మా ఇంట్లో పదకొండు గిన్నెలు పెట్టాలమ్మా. మీకెన్ని?"

"పదకొండే! అయ్యో పాపం. మాకు ఆరే" అనేవారు, జాలిపడుతూ.

వడ్రంగి ఇంట్లో తోడికోడళ్ళు పోటీపడ్డారు. "అక్కా వాళ్ళ వాటాలో ఎనిమిదైతే మా వైపు తొమ్మిది, రాసుకోండి."

"నీ తొమ్మిదిలో ఒకటి పళ్ళెం కాదుటే?"

"పళ్ళెం లెక్కలోకి రాదమ్మా" అన్నాడు బాబాయి, కొట్టేసి ఎనిమిది రాస్తూ.

పదకొండు గిన్నెల మనిషని ఊరంతా పాకింది. జాలిపడి జనం ఆయనింటికి పాత గిన్నెలు పంపడం మొదలెట్టారు. టైలరమ్మైతే బకెట్టే పంపింది.

తేలిన లెక్క: కారే ఇళ్ళు 188, గిన్నెలు 1,043. మంచి ఇళ్ళు 39.7 శాతం.

గృహనిర్మాణ అధికారి ముందు రెండు సర్కారీ పట్టికలూ, తన కాగితాలూ పరిచాడు. "రెండూ మీవే. ఏది నిజమో మీరే చెప్పండి."

అధికారి తలగోక్కుని, "అంటే సుమారు ఎన్ని ఇళ్ళు..." అన్నాడు.

నేను బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దేవుడి దయవల్ల ఆయన, "నూట ఎనభై ఎనిమిది" అని మాత్రం అన్నాడు, పళ్ళ మధ్య నుంచి.

మళ్ళీ సర్వేకి ఆదేశాలొచ్చాయి, ఈసారి గిన్నెల ప్రశ్నతో. ఆ కబురు చెప్దామని నేను జోరువానలో బాబాయి ఇంటికి పరిగెత్తాను. ఆయన లేడు. పిన్ని కూర్చుని ఉంది. నేల పొడిగా ఉంది. గోడలు పొడిగా ఉన్నాయి. పైకి చూస్తే తడి మచ్చ కూడా లేదు. మూలన మాత్రం ఇరవై మూడు గిన్నెలూ నాలుగు బకెట్లూ బోర్లించి ఉన్నాయి.

"పిన్నీ, పదకొండు ఏవి?"

"పదకొండా పాడా! మా ఇల్లు ఒక్క చుక్క కారదు. ఈ గిన్నెలు తోమలేక నా ప్రాణం పోతోంది."

బల్ల మీద ఆయన కాగితాల కట్ట ఉంది. తన ఇంటి నంబరు ఎదురుగా గుండ్రటి చేతిరాతతో రాసి ఉంది: గిన్నెలు 0. ఉప్పుని కూడా శాతాల్లో చెప్పే మనిషి 311 వాకిళ్ళలో నిలబడి 311 సార్లు అబద్ధమాడాడు. కాగితం మీద మాత్రం ఆడలేకపోయాడు.

ఎండాకాలానికల్లా 188 కప్పులూ బాగుపడ్డాయి. తొలి వాన రోజున బాబాయి గోడ మీదుగా అడిగాడు.

"చెల్లెమ్మా, ఇప్పుడెన్ని గిన్నెలు?"

మిషన్ చప్పుడు ఆగింది. "ఒక్కటీ లేదు అన్నయ్యా! మరి మీకో? మీ కప్పు ఇంకా వెయ్యలేదుగా?"

బాబాయి నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను.

"పదకొండే" అన్నాడు.

సాయంత్రానికి టైలరమ్మ ఇంకొకటి పంపింది. పిన్ని దగ్గర ఇప్పుడు బకెట్లు అయిదు.