ప్లీడరు బాబాయిగారు అడిగిన వాయిదా

నా చిన్నప్పుడు ఏలూరులో మా పక్క వాటాలో ఒక ప్లీడరుగారు ఉండేవారు. మేం బాబాయిగారూ అని పిలిచేవాళ్లం. ఆయనకి విమానాల పిచ్చి. ఆకాశంలో మోత వినబడితే చాలు, కోర్టు నుంచి వస్తున్న రిక్షా ఆపించి దిగిపోయి, నల్లకోటుతో నడిరోడ్డు మీద తలెత్తి నిలబడేవారు. మద్రాసులో లా చదివే రోజుల్లో విమానం తోలడం నేర్చుకుంటూ మధ్యలో ఆపేశారట. ఎందుకు ఆపేశారని అడిగితే మాట మార్చేసేవారు. పైనుంచి కొల్లేరు మొత్తం ఒక్కసారిగా చూడాలని ఉందని మాత్రం అనేవారు.

తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే ఉంది. ఒక ఆదివారం మమ్మల్ని రైల్లో తీసుకెళ్లి చూపించారు. దాని మీద ఎవరో ధాన్యం ఆరబోసుకున్నారు. మేం పరుగులు పెడుతుంటే ఆయన ఒక చివర నిలబడి రెండో చివర వంక చూస్తూ ఉండిపోయారు. రైలు వేళయిందని మేమే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాం.

నేను పది పాసైన వేసవిలో గుండుగొలను నుంచి నాకు సంబంధం వచ్చింది. మా నాన్నగారు పురోహితులు. నాకు కాలేజీలో చేరాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఆ మాట అమ్మ నాన్నగారి చెవిన వేసింది. ఆయన విననట్టే పంచాంగం తిరగేశారు. ఆ రోజు నుంచి నన్ను వీధి గుమ్మం దాటనివ్వలేదు. రెండు గదుల ఇంట్లో ఏడవడానికి కూడా చోటు లేదు. నూతి దగ్గర బిందె కడుగుతున్నట్టు నటిస్తూ ఏడ్చేదాన్ని. పిట్టగోడ అవతలి నుంచి బాబాయిగారు అది చూశారు. ఏమైందని అడిగితే అంతా చెప్పేశాను. ఊఁ అన్నారంతే.

ముహూర్తం పెట్టుకోవడానికి పెళ్లివారు వచ్చిన రోజు, పెద్దమనిషిగా ఆయన్నీ పిలిచారు. తలుపు చాటున నేను నిలబడ్డాను. ఆయన నా తరఫున వాదిస్తారనుకున్నాను. ఆయనేమో తాంబూలం నములుతూ మంచి సంబంధం, వదులుకోకూడదు అన్నారు. ఇంకో మూడు వారాల్లో పెళ్లి అన్నారు నాన్నగారు.

"పంతులుగారూ, తెలీక అడుగుతున్నానండి" అన్నారు బాబాయిగారు. "అబ్బాయి ఇంటికి పెద్దవాడు, మన అమ్మాయీ పెద్దదే. జ్యేష్ఠమాసంలో చేసేయొచ్చంటారా?"

పెద్దపిల్లకీ పెద్దవాడికీ జ్యేష్ఠంలో పెళ్లి చెయ్యకూడదు. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మా నాన్నగారికి సొంత కూతురి పెళ్లి తొందరలో అది తట్టలేదు. పెళ్లికొడుకు తల్లి అమ్మో అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాత ఆషాఢం. ఆ తర్వాత మూఢం. నాన్నగారి పంచాంగంలోంచే బాబాయిగారు ఒక్కొక్కటీ మెల్లగా, వినయంగా అడిగి చెప్పించారు.

"ఈలోగా పిల్ల ఊరికే కూర్చోవడం ఎందుకండీ, కాలేజీలో పేరు రాయించి పడేయండి. ముహూర్తం కుదిరిన్నాడు మానేస్తుంది" అన్నారు చివర్లో, అదేదో చిన్న విషయమైనట్టు. పెళ్లివారు కూడా తలూపారు.

సాయంత్రం దొడ్డి దారిన పరిగెత్తుకెళ్లి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆయన ముఖంలో సంతోషం లేదు.

"విమానం తోలకుండా నన్ను ఆపింది కూడా ఈ వాయిదాలతోనేనమ్మా" అన్నారు. "నాన్న పోయిన ఏడాది, ఏటిసూతకం వెళ్లాక చూద్దువుగాని అంది మా అమ్మ. తర్వాత తమ్ముడి చదువు అయ్యాక అంది. తర్వాత తన కళ్లు కుదుటపడ్డాక అంది. ఆవిడ ఒక్కనాడూ వద్దనలేదు. వద్దంటే పారిపోయేవాణ్ణి. వాయిదా ఎవరడిగితే కేసు వాళ్లదే. నీది ఇవాళ నేనడిగాను. రేపట్నుంచి నువ్వే అడుక్కోవాలి" అన్నారు. లోపల్నుంచి ఆయన తల్లి నాయనా అని పిలిచింది. వస్తున్నానమ్మా అంటూ లేచి వెళ్లిపోయారు.

కాలేజీలో మొదటి రెండేళ్లూ నేను హాయిగా చదివానని చెప్పను. ఏ ఉదయం ముహూర్తం కుదురుతుందో, ఏ సాయంత్రం పుస్తకాలు కట్టిపెట్టమంటారో అని బిక్కుబిక్కుమంటూ గడిపాను. పరీక్షలని ఒకసారి, జ్వరమని ఒకసారి వాయిదాలు అడిగాను. పెళ్లివారు విసిగిపోయి వేరే సంబంధం చేసుకున్నారు. నేను చదువు పూర్తిచేసి కైకలూరులో టీచరునయ్యాను.

ఉద్యోగం వచ్చాక ఆయన్ని విమానం ఎక్కిస్తానన్నాను. నవ్వి, "ఎక్కడం కాదమ్మా, నేను తోలాలి" అన్నారు. అప్పటికే ఆయన చూపు మందగించింది. కొల్లేటిని పైనుంచి చూడకుండానే ఏలూరులో, ఆ ఇంట్లోనే పోయారు.

మొన్న మా కోడలు మళ్లీ ఉద్యోగంలో చేరతానంది. మావాడు కాదనలేదు. ఫోన్ చూసుకుంటూ, ఎంతో ప్రేమగా, "ఇప్పుడేం తొందర, కొన్నాళ్లాగి చూద్దాంలే" అన్నాడు.

"ఆ వాయిదా అడిగింది నువ్వా, ఆ అమ్మాయా?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. కోడలు మాత్రం చేతిలో గరిటె పక్కన పెట్టేసి నా వంక చూసింది.