కిస్మిస్ రసం

ఒట్టు పెట్టుకోకూడదని మా మతంలో గట్టిగా చెబుతారు. అయినా పెడుతున్నాను. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కాదంటే నా నాలుక మీద రాయపూర్ మే నెల ఎండంత పుండు లేవాలి.

ఎనభైల్లో మాట. కోస్తా నుంచి రైల్వే పనులకీ నర్సు ఉద్యోగాలకీ రాయపూర్ వచ్చిన తెలుగు క్రైస్తవులం మేము. సొంత గుడి లేదు. హిందీవాళ్ళ ఆరాధన అయ్యాక, ఎండ నెత్తికెక్కే వేళకి వాళ్ళ గుడి మాకు దొరికేది. మా అయ్యగారిది ఒకటే ప్రసంగం: మంచి పనులు చేసి ఎవడూ దేవుడి ముందు నీతిమంతుడు కాలేడు, నమ్మితే చాలు, మిగతాది ఆయన కృప. ఏ వాక్యం చదివినా చివరికి అక్కడికే వచ్చి బల్ల గుద్దేవారు. మేము ఆమేన్ అనేవాళ్ళం. అని బయటికొచ్చి, ఎవరెన్ని ఉపవాసాలున్నదీ వాకిట్లో నిలబడి చెప్పుకునేవాళ్ళం.

నెలకోసారి ప్రభువు బల్ల, అంటే యేసు శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం. వైను పేరెత్తడమే పాపం కనుక కిస్మిస్ నానబెట్టి, పిసికి, వడకట్టి ఆ రసాన్నే చిన్న చిన్న గిన్నెల్లో పంచేవారు. అది సంఘపెద్ద గారి భార్య సొంత హక్కు. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, పస్తుండి పిసికేది. పరలోకంలో తనకి ముందు వరసలో కుర్చీ వేసి, పక్కన కూలరు కూడా పెట్టి ఉంచారన్నట్టు నడిచేది.

మా బాబాయి రైల్వే వర్కుషాపులో ఫిట్టరు. తాగుబోతు. పెళ్ళయిన కొత్తలోనే సంఘం ఆయనకి బల్ల ఆపేసింది. ఆ వేసవికి కాలేయం పోయింది. ఒళ్ళు పసుపు, పొట్ట కుండ. మందు మానేసి నెలలైంది. పిన్ని నర్సు, ఇంకెన్నాళ్ళో లేవని ఆమెకి తెలుసు. బాబాయి అడిగింది ఒక్కటే. పోయేలోగా ఒక్కసారి బల్లలో చెయ్యి వెయ్యాలి.

పిన్ని వెళ్ళి అడిగితే అయ్యగారు పెద్దగారి మొహం చూశారు.

"నమ్మానంటే అయిపోద్దా అమ్మా?" అన్నాడు పెద్దగారు. "లేచి సాక్ష్యం చెప్పాలి. శుక్రవారం కూడికలకి రావాలి. ఓ ఆర్నెల్లు చూస్తాం. పక్కాగా మారాడంటే అప్పుడు."

"ఆర్నెల్లా? నెల గడిస్తే గొప్పండీ."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశాడంట?"

"ఏం చేశాడో అందరికీ మాలూమే. చేసినదాంతో పన్లేదనేగా అయ్యగారు వారం వారం చెప్పేది?"

అయ్యగారు దగ్గారు. "సరేనమ్మా, ఈ ఆదివారం తీసుకురండి," అన్నారు.

పండరీ బజారులో నేను పనిచేసే బట్టలకొట్టు నుంచి కొత్త చొక్కా తెచ్చి తొడిగాను. రిక్షాలో తీసుకొచ్చి చివరి వరసలో కూర్చోబెట్టాం. ప్రార్థన సగంలో గుప్పున వాసన. సారా వాసన. తలలన్నీ ఒక్కసారిగా బాబాయి వైపు తిరిగాయి.

పెద్దగారు ముక్కు మూసుకుని వచ్చాడు. "ఏవయ్యా, ఇవాళ కూడానా? ఛీ!"

"ముట్టుకోలేదండీ. ఇదిగో, నా పెళ్ళాం మీద ఒట్టు."

"గుడంతా కంపు కొడతంటే ఒట్టేంటి! అబ్బాయ్, బయటికి తీసుకుపో."

"గంజి తప్ప ఏదీ దిగట్లేదండీ ఆయనకి," అంది పిన్ని. ఎవరూ వినలేదు. ముగ్గురం బయటికొచ్చి మెట్ల కింద గోడ నీడలో కూర్చున్నాం.

వాసన రసానిది. శుక్రవారం ఉపవాసం, శనివారం ప్రార్థన చెడకూడదని పెద్దగారి భార్య గురువారమే పిసికి మూతకట్టి పెట్టింది. ఆ ఎండకి అది పులిసి నురగెత్తింది. ఆ గుడిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. కంపు పాపి దగ్గర్నుంచి కాక గిన్నె లోంచి ఎందుకొస్తుంది?

తర్వాత తాగారు. పెద్దగారు రెండు గిన్నెలు పుచ్చుకుని విలాప కీర్తనని పెళ్ళిపాటలా ఎత్తుకున్నాడు. వాళ్ళావిడ కంజీర లాక్కుని తెల్లచీర కొంగు దోపింది. హిందీ చౌకీదారుని పెద్దగారు కౌగిలించుకుని బావా అన్నాడు. అయ్యగారు ఒక గుక్క పుచ్చుకుని ఆగిపోయారు. అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా కాలే మెట్లు దిగొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తన గిన్నె బాబాయి నోటికి అందించారు.

కల్పన ఎక్కడో చెప్పాలి కదా. తాగిన దగ్గర్నుంచి అంతా నాదే. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. ఉగ్గుగిన్నెంత రసానికి ఎవడికీ మత్తెక్కదు. నిజానికి వాళ్ళు మూతులు తుడుచుకుంటూ వచ్చి, మాకు వందనాలు చెప్పి, వెళ్ళిపోయారు. అయ్యగారు పక్క తలుపు గుండా పోయారు. మిగిలిన రసం ఇంటికి తీసుకెళ్ళకూడదు, మట్టిలో పోయాలి. పెద్దగారి భార్య దాన్ని మా పక్కనే గోడ మొదట్లో పోసి, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి పోయింది.

మట్టి మీద నురగ బుసబుసమంది. బాబాయి ముక్కు ఎగబీల్చాడు.

"ఒరే, అది పులిసిందిరా."

"అవును బాబాయ్."

"మరి నన్నెందుకురా బయట కూర్చోబెట్టారు?"

పిన్ని రిక్షా పిలవడానికి లేచింది. ఆ నెల దాటకుండా బాబాయి పోయాడు. అయ్యగారి చేత నేను ఆ మెట్లు దిగించడం మాత్రం ఇంకా మానలేదు. ఎవరు కూర్చుని విన్నా దిగిస్తూనే ఉన్నాను.