గోళీ ఏ దారిన ముందు దిగుతుంది?

మా లెక్కల మేడం ఇక లేరని గురువారం పొద్దున మెట్రోలో ఉండగా ఫోన్ వచ్చింది. అమీర్‌పేటలో దిగాల్సినదాన్ని, దిగడమే మరిచిపోయాను. సాయంత్రం వాళ్లింట్లో ఎవరో అంటున్నారు, "పాపం, జర మొండితనం తగ్గించుకుంటే ఎంత పైకి పోతుండె!" అని. పాపమా? ఆ మాట నేను ఒప్పుకోను. ఆ మొండితనాన్ని దగ్గరుండి చూసినదాన్ని.

అమీర్‌పేటలో ఎంట్రన్సు కోచింగ్ రోజులవి. ఒకనాడు మేడం రెండు జారుడు చెక్కలు మోసుకుని క్లాసుకు వచ్చారు. రెండూ ఒకే ఎత్తున మొదలై ఒకే చోట ముగుస్తాయి. ఒకటి తిన్నగా ఉంది. రెండోది మొదట్లోనే నిటారుగా దిగి, చివర్లో మెల్లగా సాగే వంపు.

"ఏ గోళీ ముందు దిగుతది?"

"తిన్నగా ఉన్నదే మేడం, దగ్గరి దారి కదా!" అన్నాం అందరం.

ఒకేసారి వదిలారు. వంపు మీది గోళీయే ముందు చేరింది. మళ్లీ వదలమని అరిచాం. మళ్లీ అదే గెలిచింది.

"దూరం ఎక్కువే. కానీ మొదట్లనే బాగ దిగి మస్తు వేగం అందుకున్నది. అన్ని దారులల్ల తొందరగ దించేది ఏదంటే, దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే వంపు. దాన్ని బోర్లించాలె. ఎందుకో రేపు నిరూపిద్దాం."

మా గోలకు మేనేజర్ వచ్చారు. "ఏంటి మేడం ఇది? పరీక్షలో రానిదానికి ఈ గొడవేంటి?"

"లెక్కల క్లాసుల పిల్లలు నవ్వంగ ఎప్పుడన్న విన్నరా సార్?"

"రేపు ఆ చెక్కలు కనిపిస్తే మీరు ఉండరు."

మర్నాడు చెక్కలతోనే వచ్చారు. బోర్డు నిండా నిరూపణ రాసి, చివరి గీత దాకా ముగించి, తలుపు దగ్గర నిలబడ్డ మేనేజర్‌తో "అయిపోయింది సార్, ఇగ పోత" అన్నారు. మెట్ల మీద మేం ఏడుస్తుంటే కసిరారు. "ఏడుస్తరేందే? పంజాగుట్టల మా ఇల్లు లేదా? ఆదివారం రాండ్రి."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వాళ్లింటి హాల్లో నేల మీదే క్లాసు. ఎవరైనా గబుక్కున జవాబు చెప్పబోతే, "ఆగు, పక్కామె ఇంకా ఆలోచిస్తున్నది" అని ఆపేవారు. మా తర్వాత ఎన్ని బ్యాచ్‌లు వచ్చాయో.

నిరుడు మేడంకు జబ్బు చేసి, ముదిరింది. విశ్రాంతి తీసుకోమన్న డాక్టర్‌తో, "పండుకున్నా సుత నొస్తనే ఉన్నది. చెప్పుకుంట నొస్తె ఏమైతది?" అన్నారట. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి, లేవలేక కుర్చీలోనే కూర్చుని, బాల్కనీ అద్దం తలుపు మీద మార్కర్‌తో ఇంటర్ అమ్మాయిలకు లెక్క రాస్తున్నారు. సగంలో చెయ్యి ఆగిపోయింది. "మిగిలింది వచ్చేవారం" అన్నారు.

గురువారం ఓ బంధువు తడిగుడ్డతో ఆ అద్దం తుడవబోతే మేడం కూతురు అడ్డం నిలబడింది. "దాన్ని ముట్టకుండ్రి."

నేను తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటర్ అమ్మాయిల్లో ఒకతె అద్దం ముందు నిలబడి ఉంది. మేడం రాసిన చివరి వరుస కింద ఏదో రాసింది. కాదన్నట్టు తలూపి, బొటనవేలితో చెరిపేసింది. మళ్లీ రాస్తోంది.