నంబరు అడిగిన స్టేషన్ మాస్టరు

మంగళవారం పొద్దున మా ఆదివారం క్లాసు గ్రూపులో ‘గంగాధర్ రావు సార్ ఇక లేరు’ అన్న వార్త వచ్చింది. నేను నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన నేర్పిన విద్యే. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే సార్ భార్య సుశీలమ్మ, “శారదా, మీ నంబర్ నలభై ఏడు. సార్ పోయిండ్రు బిడ్డా, నిజమే” అన్నది.

ఆ నంబరు సంగతి చెప్పాలి. సార్ ముప్పై ఏళ్లు నాందేడు దగ్గరి ఉమ్రి వైపు స్టేషన్లలో మాస్టరు. బండి వదలాలంటే అవతలి స్టేషన్ మాస్టరు ఫోన్లో, దారి ఖాళీగా ఉందని, లైన్ క్లియర్ ఇవ్వాలి. రోజూ వినే గొంతే అయినా సరిపోదు. తన దగ్గరి రహస్య జాబితాలోంచి ఒక నంబరు చెప్పాలి, ఇవతల రాసుకోవాలి. “గొంతు గుర్తువట్టుడు దోస్తీ, నంబర్ రాసుకునుడు డ్యూటీ” అనేవారు. రిటైరయ్యాక సంకేతశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని, నాందేడులో తన ఇంటి ముందుగదిలో ప్రతి ఆదివారం మాకు పాఠం చెప్పారు. ఆలస్యంగా పోతే గడపలోనే చీవాట్లు పడేవి.

“నీ బొమ్మ గీస్తే పోలిక. బురదల నీ కాలిముద్ర ఆనవాలు. పచ్చజెండా ఊపితే బండి కదులుడు ఒప్పందం. సంకేతాలు గీ మూడు తీర్లు. ఇన్నొద్దులు మనం ఫోటోను కాలిముద్ర లెక్క నమ్మినం. మనిషి నిలవడ్డడు గనకనే ఫోటో వచ్చిందనుకున్నం. మరి కంప్యూటర్ల తయారుచేసే గీ డీప్‌ఫేక్ వీడియో అంటే ఏంది? వట్టి పోలిక, ఆనవాలు వేషం కట్టి అస్తది.” ఇంత గహన విషయాన్ని ఇంత తేటగా చెప్పినవారిని నేను మళ్లీ చూడలేదు.

చెప్పింది విని నేను బాగుపడ్డానా? లేదు. నిరుడు ధర్మాబాద్ ధాన్యం వ్యాపారి ఒకాయన మరాఠీ రైతులను బూతులు తిడుతున్న వీడియో వస్తే, ఒళ్లు మండి మూడు గ్రూపులకు పంపాను. నేను బడి పంతులమ్మను! సాయంత్రమే సార్ పిలిపించారు.

“నీకెవరు పంపిండ్రు?”

“మా వదిన, సార్.”

“ఆమెకెవరు పంపిండ్రు?”

“తెల్వదు.”

“అంటే లైన్ క్లియర్ లేకుండ మూడు స్టేషన్లకు బండి ఇడిసినవ్.”

మరునాడు నన్ను వెంటబెట్టుకొని ధర్మాబాద్ రైలెక్కారు. ఆ వ్యాపారి దుకాణం మూసి ఇంట్లో కూర్చున్నాడు. “మొఖం నాదే, గొంతు నాదే. నేనే అన్ననా అని నాకే అనుమానమొచ్చింది సార్” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన కాళ్ల మీద పడాలనిపించింది నాకు. అక్కడే కూర్చోబెట్టి, నా తప్పును మూడు గ్రూపుల్లోనూ నా పేరుతో రాయించారు సార్.

ఆ తర్వాతే మా క్లాసులో ప్రతి ఇంటితోనూ ఒక నంబరు ఒప్పందం చేసుకున్నారు. ఫోన్లో ముఖ్యమైన కబురు ఎవరు చెప్పినా ముందు ఆ నంబరు చెప్పాలి. మాది నలభై ఏడు. భార్యతో ఒకటి వేరే ఉండేది, అది ఇద్దరికే ఎరుక. సొంత కూతురు పురుడు కబురు చెప్పబోతే కూడా ముందు నంబరడిగారట. “గీయనకు దేవుడు ప్రత్యక్షమైనా నంబరే అడుగుతరు” అని సుశీలమ్మ ఎన్నిసార్లు నవ్వించిందో.

పదోనాడు సార్ అన్న కొడుకు, ప్రేమతోనే, సార్ పాత ఫోటోలతో ఒక డీప్‌ఫేక్ వీడియో ఫోన్లో చేసుకొచ్చాడు. ప్రొజెక్టరు పెట్టి వేస్తే గోడ మీద సార్ కదిలారు. అదే కళ్లజోడు, అదే గొంతు. “ఏడ్వకుండ్రి, నేను మీ మధ్యనే ఉన్న” అన్నారు. అందరూ ఏడ్చారు. దాచుకోవడమెందుకు, నేనూ ఏడ్చాను. ఇంకోసారి వేయమని అడగబోయాను కూడా.

సుశీలమ్మ మెల్లగా లేచి గోడ దగ్గరికి పోయింది. ఆ ముఖం వైపు చూసి, “మన నంబర్ చెప్పుండ్రి” అన్నది.

బొమ్మ తన మాటలు తాను చెప్పుకుంటూ పోయింది. ఆమె చివరిదాకా విన్నది. “చెప్తలేరు బిడ్డా. బంద్ చెయ్” అన్నది. ఆ పిల్లవాడు తలవంచుకొని ఆపేశాడు, ఆమె కాళ్లకు మొక్కి ఫోన్లోంచి తుడిచేశాడు. అప్పుడు ఏడ్చింది ఆమె, ఆ పది రోజుల్లో మొదటిసారి.

గురువర్యా, మీ పాఠం ఆ రోజు మాకు పూర్తయింది. సత్యాన్ని ఇంత ఓపికగా కాపలా కాసిన మనిషి ఈ ఊళ్లో మరొకరు లేరు. నలభై ఏడు నాకు ఇంకా నోట్లోనే ఉంది సార్. అడిగే మనిషే లేరు.